టైల్స్ నేల మీద జపాన్ పరుపు: దూది ఎన్ని కిలోలు వేయించాలి, కింద ఏం వెయ్యాలి?

మల్కాజిగిరి_మూడో_అంతస్తు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా పడగ్గది 10 అడుగులకి 11 అడుగులు. డబుల్ కాట్ వేస్తే బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. అందుకని మంచం తీసేసి, జపాన్ వాళ్ళలాగా రాత్రి నేల మీద పరుచుకుని పొద్దున్నే మడిచి పక్కన పెట్టేసే దూది పరుపు వాడదామనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో ‘ఫ్యూటాన్’ అని వెతికితే సోఫా కమ్ బెడ్లు, మూడు మడతల ఫోమ్ ముక్కలు తప్ప ఇంకేమీ రావడం లేదు.

పడుకునేది ఇద్దరం. ఒకరు 58 కిలోలు, ఒకరు 84. ఇద్దరిలో పొడుగు 5 అడుగుల 10 అంగుళాలు. నేల విట్రిఫైడ్ టైల్స్, మూడో అంతస్తు, తూర్పున ఒక కిటికీ. బాల్కనీ రెయిలింగ్ మీద ఏదీ ఆరేయకూడదని అసోసియేషన్ రూలు. టెర్రస్ తాళం అడిగితే ఇస్తారు.

తెలుసుకోవాలనుకున్నవి ఇవి. ఇక్కడి దూది పరుపుల దుకాణంలో ఇచ్చి కుట్టించుకుంటే అసలుదానికి దగ్గరగా వస్తుందా? ఎన్ని కిలోల దూది చెప్పాలి? టైల్స్ మీద నేరుగా పరిస్తే వానాకాలంలో బూజు పడుతుందని కొందరు, ఏమీ కాదని కొందరు అంటున్నారు. ఏది నిజం? ఇద్దరికీ కలిపి ఒకటా, విడివిడిగా రెండా?

ఒషీరే:

ముందు పేరు సంగతి చూద్దాం. మన మార్కెట్‌లో ఫ్యూటాన్ అంటే అమెరికా నుంచి వచ్చిన అర్థమే: మడిస్తే సోఫా, విప్పితే మంచం. జపాన్‌లో ఫుటోన్ అంటే పక్క మొత్తం. కింద పరిచేది షికిబుటోన్, పైన కప్పుకునేది కకెబుటోన్. మీకు కావలసింది షికిబుటోన్ ఒక్కటే. కప్పుకోవడానికి హైదరాబాద్ చలికి ఇంట్లో ఉన్న రజాయి చాలు.

అక్కడ సింగిల్ కొలత 100 సెం.మీ. వెడల్పు, 210 సెం.మీ. పొడుగు. సెమీ డబుల్ 120, డబుల్ 140. మందం 5 నుంచి 10 సెం.మీ. పూర్తి దూదిదైతే సింగిల్‌లో సుమారు 6 కిలోలు నింపుతారు. ఈ రోజుల్లో అక్కడి దుకాణాల్లో నడుమ గట్టి పాలిస్టర్ పలక పెట్టి, దానికి పైనా కిందా దూది పరిచినవి కూడా ఎక్కువే.

ఇప్పుడు మన దూది పరుపుతో పోల్చి చూడండి. 3 అడుగులు, 6 అడుగుల పరుపు నాలుగు అంగుళాల మందంతో కుట్టిస్తే 12 నుంచి 15 కిలోలు తూగుతుంది. పడుకోవడానికి దానికేం లోటు లేదు. కానీ దాన్ని రోజూ మూడు మడతలు పెట్టి ఎత్తడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మొదటి వారం ఎత్తుతారు, రెండో వారం బద్ధకిస్తారు, మూడో వారం నుంచి అది అక్కడే ఉండిపోతుంది. అడుగున బూజు అప్పుడే మొదలవుతుంది. షికిబుటోన్‌ని తేలిగ్గా చేసేది మెత్తదనం కోసం కాదు, పొద్దున్నే నేల మీంచి లేపగలగడం కోసం. దుకాణంలో ఈ ఒక్క మాట చెప్పకపోతే వాళ్ళకి అలవాటైన 14 కిలోల పరుపే కుట్టి చేతిలో పెడతారు, పైగా ‘దూది బాగా పట్టించాం సార్’ అంటారు కూడా.

ఆన్‌లైన్ ఫోమ్ మడత పరుపు వద్దా అంటే, అతిథుల కోసమైతే పనికొస్తుంది. రోజూ వాడకానికి రెండు చిక్కులు. నడుము దగ్గర గుంట పడితే దూదిలాగా ఏకించి, అంటే అణిగిన పీచుని విడదీసి మళ్ళీ పొంగేలా చేసి, సరిచేసే వీలు లేదు. పైగా ఎండలో పెడితే ఫోమ్ పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఎండబెట్టకూడని వస్తువుని నేల మీద వాడుకోవడం కష్టం.

ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు. జపాన్‌లో ఆ పరుపు ఒంటరిగా ఉండదు, కింద తాతామి ఉంటుంది. ఎండుగడ్డి దట్టంగా నొక్కి కుట్టిన పలక, దాని మీద ఇగుసా అనే తుంగలాంటి గడ్డితో అల్లిన చాప, అంచుకి గుడ్డ పట్టీ. మొత్తం సుమారు 5.5 సెం.మీ. మందం. అది కాస్త అణుగుతుంది, తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. టైల్ ఇవేవీ చెయ్యదు. 7 సెం.మీ. పరుపు కొని టైల్ మీద వేసి ‘నడుం నొప్పి వచ్చింది, జపాన్ వాళ్ళు ఎలా పడుకుంటారో’ అనేవాళ్ళు తెచ్చుకున్నది సగం సరంజామాయే. ఆ రెండో సగం ఇక్కడ మనం చేయించుకోవాలి.

ఇద్దరికీ విడివిడిగా రెండు. అందులో మాట్లాడుకోవడానికేం లేదు. డబుల్‌ని మడవలేరు.

దబ్బనం:

అన్నా, దూది సంగతి నేను జెప్త.

దుకాణంల మూడు నాలుగు రకాలు చూపిస్తరు. రంగురంగుల పోగులు కనిపించే దూది అంటే కుట్టు మిషన్ల కటింగులు, పాత బట్టలు చింపి చేసింది. దాంట్ల పాలిస్టర్ ఎంతుంటదో అమ్మేటోనికే తెల్వదు. రెండోది నూలు మిల్లు వేస్టు. తెల్లగ, మెత్తగ ఉంటది, చెయ్యి పెడితే వదలబుద్ధి కాదు. కానీ దాని పీచు మరీ చిన్నది, ఆర్నెల్లల్ల ఉండలు కడ్తది. మూడోది జిన్నింగ్ మిల్లు, అంటే పత్తిల గింజలు తీసే మిల్లు, నుంచి వచ్చిన కొత్త దూది. మీకు గదే కావాలె. అక్కడక్కడ గింజ పొట్టు కనబడ్తది, భయపడొద్దు, అది కొత్త దూది అనేదానికి గుర్తు.

ఇగ పీచు పొడుగు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తిల ఎక్కువ భాగం 27 నుంచి 30 మిల్లీమీటర్ల పొడుగు పీచు. నూలుకు మస్తుంటది గని పరుపుల జల్ది అణిగిపోతది. పరుపుకు మంచిది దేశీ రకం, 20 మిల్లీమీటర్ల లోపు ముతక పీచు. నొక్కితే మళ్ళ లేస్తది. జపానోళ్ళు కింది పరుపుల నింపనీకి ఇష్టపడేది గూడ మన దేశం ముతక దూదినే, గా ముచ్చట మన దగ్గర ఎవరికీ పట్టదు. దేశీ దొరికితే తీసుకోండ్రి. దొరకకుంటే జిన్నింగ్ కొత్త దూదే తీసుకోండ్రి, జర ముందుగాల ఏకించాల్సి వస్తది, గంతే తేడా.

బూరుగు దూది మాత్రం వద్దు. అది దిండ్లకు. ఒంటి బరువు పడితే పీచు విరిగి పొడైతది, మళ్ళ ఏకనీకి రాదు.

పరీక్ష చిన్నది. చిటికెడు దూది తీసి దుకాణం బయటికి వచ్చి అగ్గిపుల్ల పెట్టుండ్రి. కాయితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద అయితే దూది. నల్లగ ముద్దకట్టి గట్టి పూస మిగిలితే పాలిస్టర్ కలిసింది. ఇంకోటి, పిడికెడు తీసి నిమిషం గట్టిగ పట్టి వదులుండ్రి. ముతక దూది వెంటనే విచ్చుకుంటది, మిల్లు వేస్టు ఉండలెక్కనే ఉంటది.

కొలత: మీ ఎత్తుకు 100 సెం.మీ. వెడల్పు, 200 సెం.మీ. పొడుగు సరిపోతది. 58 కిలోలాయనకో ఆమెకో 6 కిలోలు, 84 కిలోల మనిషికి ఏడున్నర. ఏకినంక తూకం వేయించుకోండ్రి, ముందు కాదు. ఏకేటప్పుడు పొట్టు, దుమ్ము పోతది, గా పోయినదానికి గూడ మీరే పైసలు కట్టినట్టు అయితది.

గుడ్డ: పరుపులకు వాడే దట్టమైన గీతల టిక్కింగు గుడ్డ, 48 అంగుళాల పన్నా. ఒక్కో పరుపుకు నాలుగున్నర మీటర్లు. కొనంగనే ఒక రాత్రి నీళ్ళల్ల నానబెట్టి ఆరేసి, గప్పుడు ఇయ్యుండ్రి. అట్ల చెయ్యకుంటే పరుపు కుట్టినంక చెమ్మకు ముడుచుకుని అంచులు పైకి లేస్తయి. సంచి కుట్టు లోపలి కొలత 106 సెం.మీ., 206 సెం.మీ. ఉండాలె. దూది నింపి టాకాలు (దూది కదలకుంట పరుపు పై నుంచి కింది దాక ఏసే కుట్లు) ఏసేసరికి అది 100, 200కు దిగుతది. చుట్టూ నిలువు పట్టీ పెట్టి డబ్బాలెక్క కుట్టిస్తమంటరు, వద్దనుండ్రి. పట్టీ పెడితే మడత దగ్గర మొండికేస్తది.

నింపుడు: దూదిని కుప్పగ లోపలికి తోయనియ్యొద్దు. పొరలు పొరలుగ పరవాలె. 6 కిలోలకు ఏడు పొరలు. ఒక పొర నిలువు, దాని మీద పొర అడ్డం. ఆఖరికి అర కిలో దూది నడుము, పిరుదులు వచ్చే నడిమి భాగంల అదనంగ వెయ్యాలె, ఆ అర కిలో 6లోంచే తియ్యాలె. కొత్తల నడుమ ఉబ్బుగ కనిపిస్తది. నెల తిరిగేసరికి సాపయితది. మొదలే సాపుగ ఉన్న పరుపు నెలకు గుంట పడ్తది.

టాకాలు అడ్డంల 3, నిలువుల 7, మొత్తం 21. అంటే 25 సెం.మీ.లకు ఒకటి. 8 అంగుళాల దబ్బనం, మైనం రాసిన నూలు పురి. ప్లాస్టిక్ పురి వద్దు, ముడి జారుతది. దబ్బనం, పురి బేగంబజార్‌ల దొరుకుతయి. ముడి కింద రూపాయి బిళ్ళంత గుడ్డ ముక్క పెట్టాలె, లేకుంటే పురి గుడ్డను కోస్తది. టాకా గుంట ఒక సెంటీమీటర్ దిగితే చాలు. మనోళ్ళు గుండీ సోఫాలెక్క లోపలికి గుంజి కడ్తరు, గట్ల గుంజితే ఆ తావుల దూది గడ్డకట్టి కింద నేల తగుల్తది.

ఒషీరే:

దబ్బనం గారు చెప్పినవాటిలో ఒక్కదానికి చిన్న సవరణ. 84 కిలోల మనిషికి ఏడున్నర కిలోలు వేస్తే పరుపు గట్టిపడుతుంది, దానితో పాటు మడత కూడా. ఆ బరువు పెంచే బదులు 6 కిలోల పరుపే కుట్టించి, దాని కింద మూడు కిలోలతో ఇంకో పల్చటి పరుపు వేసుకుంటే రెండూ విడివిడిగా ఎత్తొచ్చు, విడివిడిగా ఆరతాయి. పల్చటిదానికి టాకాలు ఎలా వేసినా పట్టింపు లేదు.

ఏది సరిపోయిందో తెలుసుకోవడానికి పక్కకు తిరిగి పడుకోండి. వీపు మీద పడుకుంటే ఏ పరుపైనా బాగానే ఉంటుంది. పక్కకు తిరిగినప్పుడు తుంటి ఎముక కింద అరచెయ్యి దూర్చండి. వేళ్ళ వెనక నేల గట్టిగా తగిలితే దూది చాలలేదు.

దబ్బనం:

రెండు పరుపులైతే గలేబులు రెండు, ఎండబెట్టుడు రెండు సార్లు. చేస్తమంటే మంచిదే. ఏడున్నర కిలోలు మగమనిషి ఎత్తలేనిదేం కాదు గదా అన్నా.

వడ్రంగి_వాకిలి:

కింద వేసేదాని గురించి రాస్తాను, దూది గురించి పైన చెప్పినవాళ్ళకే బాగా తెలుసు.

తాతామి ఇక్కడికి తెప్పించుకోవడం దండగ. దాని బదులు జపాన్ వాళ్ళే వాడే ఇంకో పద్ధతి ఉంది, సునోకో అంటారు. సందులు వదిలి కొట్టిన చెక్క పట్టీల పలక. వాళ్ళు హినోకి అనే అక్కడి చెట్టు చెక్కతో చేస్తారు. మనకి పైన్ చాలు. టేకు బాగుంటుంది కానీ బరువెక్కువ, అవసరం లేదు.

ఒక పరుపుకి 100 సెం.మీ. పొడుగు, 100 సెం.మీ. వెడల్పు పలకలు రెండు చేయించండి. 2 మీటర్ల ఒకే పలక చేయిస్తే తుడవడానికి ఎత్తలేరు, లిఫ్ట్‌లో కూడా పట్టదు. ఒక్కో పలకకి 7 సెం.మీ. వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడుగు ఉన్న పట్టీలు 10. పట్టీకీ పట్టీకీ మధ్య 3.3 సెం.మీ. సందు. పది పట్టీలు 70 సెం.మీ., తొమ్మిది సందులు 30 సెం.మీ., లెక్క సరిపోయింది. కింద 5 సెం.మీ. చదరం దుంగలు మూడు: రెండు అంచుల్లో ఒక్కొక్కటి, నడుమ ఒకటి. నడుమ దుంగ మానేస్తే 18 మిల్లీమీటర్ల పట్టీ మోకాలు ఆనించి లేచేటప్పుడు విరుగుతుంది. పడుకున్నప్పుడు ఏమీ కాదు, లేచేటప్పుడే బరువంతా ఒక్క చోట పడుతుంది. మొత్తం ఎత్తు 7 సెం.మీ. లోపు. పలక ఒక్కోటి 10 కిలోల దాకా తూగుతుంది.

సందు 5 సెం.మీ. దాటితే పరుపు అందులోకి దిగి, అడుగున గీతలు గీతలుగా దూది గడ్డకడుతుంది. సందు ఒక సెంటీమీటరే ఉంటే గాలి ఆడదు, పైగా చీపురు దూరదు.

మేకులు కొట్టనివ్వద్దు, అంగుళంన్నర స్క్రూలు. స్క్రూ తల చెక్కలోకి దిగేలా ముందే గుంట చేయించాలి. తల పైకి తేలితే టిక్కింగు గుడ్డ మొదటి నెలలోనే చిరుగుతుంది. పైన వార్నిష్ కొట్టించవద్దు, ఎండాకాలం గుడ్డకి అంటుకుంటుంది. అంచులన్నీ గరుకు కాగితంతో గుండ్రం చేయిస్తే చాలు. దుంగల కింద మాత్రం చెప్పు అడుగుకి వాడే రబ్బరు ముక్కలు అతికించండి, టైల్ మీద జారదు. కింద ఫ్లోర్ వాళ్ళకి చప్పుడు కూడా వెళ్ళదు.

పలక కింద రోజూ ఊడ్చలేరు. పదిహేను రోజులకోసారి లేపి నిలబెట్టి తడిగుడ్డ పెట్టాలి. అది కుదరదనుకుంటే సునోకో వద్దు, నేల మీదే వేసుకుని రోజూ ఎత్తండి.

మల్కాజిగిరి_మూడో_అంతస్తు:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. పలక బదులు ఇంట్లో ఉన్న ఈతచాపో, పిల్లలు ఆడుకునే రబ్బరు మ్యాట్లో వేస్తే నడవదా? రోజూ మడిచేటట్టయితే బూజు ఎందుకు పడుతుందో కూడా అర్థం కాలేదు.

తేమ_లెక్క:

రబ్బరు మ్యాట్ అన్నిటికన్నా చెడ్డది. ప్లాస్టిక్ చాప కూడా అంతే. ఎందుకో చూడండి.

దూది గాల్లోంచి తేమ పీలుస్తుంది. మామూలు తేమలో దాని బరువులో సుమారు 8.5 శాతం నీరే. పాలిస్టర్‌కి అది 0.4 శాతం. అంటే 6 కిలోల పరుపులో అర లీటరు నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి, అది తడి కాదు, మామూలు స్థితి. రాత్రి ఒంటి నుంచి వచ్చే చెమట ఆవిరి పై పొరల్లో చేరి, వేడిగా ఉన్న పైభాగం నుంచి చల్లగా ఉన్న అడుగుకి దిగుతుంది. కింద తాతామి ఉంటే అందులోకి పోతుంది, సునోకో ఉంటే సందుల్లోంచి పోతుంది. టైల్ ఉంటే ఎక్కడికీ పోలేక అడుగు గుడ్డ దగ్గరే ఆగుతుంది. చల్లటి టైల్ కాబట్టి అక్కడ ఆవిరి నీరవుతుంది. పొద్దున్న పరుపు తీసి టైల్ మీద అరచెయ్యి పెట్టి చూస్తే మీరు పడుకున్న ఆకారంలో చెమ్మ తెలుస్తుంది. టైల్ ఆరిపోతుంది, గుడ్డలోకి పీల్చుకున్నది మాత్రం ఉండిపోతుంది. రబ్బరు మ్యాట్ వేస్తే చల్లదనం తగ్గుతుంది కానీ ఆవిరికి దారి ఉండదు.

ఈతచాప, తుంగచాప రబ్బరు కన్నా చాలా నయం. రెండు చాపలు ఒకదాని మీద ఒకటి వేస్తే అక్టోబర్ చివర్నుంచి మే దాకా ఇబ్బంది ఉండదు, ఎందుకంటే హైదరాబాద్‌లో ఆ నెలల్లో గాలే పొడిగా ఉంటుంది. ‘ఏమీ కాదు’ అన్నవాళ్ళు ఆ నెలల్లో చూసి చెప్పినవాళ్ళు. జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో చాప కూడా తడి పట్టి ముక్క వాసన వేస్తుంది.

రోజూ మడిచినా బూజు ఎందుకంటే, చాలామంది లేవగానే మడుస్తారు. రాత్రంతా చేరిన తేమనీ ఒంటి వేడినీ మూడు మడతల్లో మూట కట్టినట్టు అవుతుంది. లేచాక దుప్పటి తీసేసి, పరుపుని ఒక చివర నుంచి సగం వెనక్కి తిప్పి అడుగు భాగం పైకి కనిపించేలా ఉంచండి. ఫ్యాన్ మూడు నంబరు మీద, అరగంట. స్నానం, టిఫిన్ అయ్యేలోపు అయిపోతుంది. ఆ తర్వాత మడవండి. మడిచాక గోడకి ఆనించవద్దు, నాలుగు వేళ్ళ సందు వదలండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి అటక మీదికి ఎక్కించడం అన్నిటికన్నా తప్పు. అలా చేస్తే ఒక వాన చాలు.

తడి ఎంత చేరిందో చేత్తో తెలియదు, తూకంతో తెలుస్తుంది. విమానం లగేజీ తూచుకునే కొక్కెం త్రాసు ఒకటి చాలు. మే నెలలో టెర్రస్ మీద ఎండబెట్టి తెచ్చిన రోజు పరుపుని తాడుతో కట్టి తూచి, ఆ అంకె గలేబు లోపలి అంచున పెన్నుతో రాసి పెట్టండి. వానాకాలంలో 300 గ్రాములు పెరిగితే మామూలే. అర కిలో దాటితే మడవడం ఆపి ఆరబెట్టే పని చూడాలి.

ఎండబెట్టడం: టెర్రస్ నేల మీద పరవద్దు, కాంక్రీటులో కూడా చెమ్మ ఉంటుంది, దుమ్మూ అంటుకుంటుంది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసల్లో వీపులు ఎదురెదురుగా పెట్టి వాటి మీద గుడారంలా వేస్తే రెండు వైపులా గాలి తగులుతుంది. పది గంటల నుంచి మూడు గంటల లోపే. ఎండాకాలంలో ఒక్కో వైపు 45 నిమిషాలు చాలు, చలికాలంలో రెండేసి గంటలు. పైన పాత దుప్పటి కప్పితే టిక్కింగు రంగు వెలవదు. నాలుగు దాటాక ఉంచితే పగలు వదిలిన తేమ మళ్ళీ పీల్చుకుంటుంది. తీసుకొచ్చాక వేడి తగ్గే దాకా అరగంట విప్పి ఉంచి, అప్పుడు గలేబు తొడగండి.

కర్రతో బాదడం మన దగ్గరా ఉంది, జపాన్‌లోనూ ఉంది. గట్టిగా బాదితే పీచు విరిగి దుమ్ము అవుతుంది. ‘ఎంత కొట్టినా దుమ్ము వస్తూనే ఉంది’ అంటారే, ఆ వచ్చేది పరుపే. అరచేత్తో తట్టి, తర్వాత వాక్యూమ్ పెడితే చాలు.

వానలు వారం రోజులు వదలకపోతే? ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో రెండు గంటలు, గది తలుపు మూసి, పరుపుని కుర్చీల మీద వేసి. ఏసీ లేకపోతే ఫ్యాన్ కింద అలాగే. సిలికా జెల్ నింపిన షీట్లు కూడా ఉంటాయి, పరుపు కింద పరుస్తారు. మూలన ఉన్న చుక్క నీలం నుంచి గులాబీ రంగుకి మారితే ఎండలో పెట్టాలి. వాటిని ఆరబెట్టడానికీ ఎండే కావాలి కాబట్టి మన వానాకాలానికి అవి పెద్దగా ఆదుకోవు.

పట్టెమంచం:

ఇంత తతంగం ఎందుకండీ? నవారు మంచం ఒకటి కొనుక్కుంటే కిందంతా గాలే, పగలు గోడకి నిలబెట్టేయొచ్చు. మన పెద్దవాళ్ళు కనిపెట్టిన సునోకో అది.

వడ్రంగి_వాకిలి:

గాలి విషయంలో మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ నవారు వదులైతే నడుము దిగుతుంది, బిగించడం కూడా రావాలి. ఇద్దరికీ రెండు మంచాలు, నాలుగేసి కోళ్ళు, 10 అడుగుల గదిలో గోడకి నిలబెడితే కిటికీ మూసుకుపోతుంది. ఆయన గదికి పలకే నయం.

మల్కాజిగిరి_మూడో_అంతస్తు:

సునోకోకే సిద్ధపడ్డాం. ఇంకో రెండు సందేహాలు. ఊరి నుంచి అమ్మా నాన్నా వస్తే వాళ్ళకీ ఇదే పరుపు వెయ్యొచ్చా? ఒకవేళ ఇంత చేసినా నల్లమచ్చలు వస్తే ఏం చెయ్యాలి?

ఒషీరే:

పెద్దవాళ్ళకి సమస్య పరుపు కాదు, లేవడం. 7 సెం.మీ. పలక, 7 సెం.మీ. పరుపు కలిపినా జానెడు ఎత్తు రాదు. మోకాళ్ళు అరిగినవాళ్ళు రాత్రి బాత్‌రూమ్‌కి లేచేటప్పుడు పట్టుకోవడానికి ఏదీ ఉండదు. అదే పరుపుని దివాను మీద వేసి ఇవ్వండి. కింద ప్లైవుడ్ ఉంటే అంగుళం రంధ్రాలు అరడజను కొట్టించండి, లేకపోతే అక్కడా ఇదే చెమ్మ.

తేమ_లెక్క:

మచ్చలు గలేబు మీదే ఉంటే ఆక్సిజన్ బ్లీచ్ కలిపిన వేడినీళ్ళలో గంట నానబెట్టి ఉతికితే చాలావరకు పోతాయి. టిక్కింగు గుడ్డ మీదికి వస్తే టాకాలు విప్పి, గుడ్డ మార్పించి, దూదిని రెండు రోజులు ఎండలో పెట్టి ఏకించాలి. దూది లోపల కూడా మచ్చలు కనిపిస్తే ఆశ వదులుకోండి. ఏకినప్పుడు ఆ బూజు మొత్తం పరుపంతా కలిసిపోతుంది, మిషను దగ్గర ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి కూడా వెళుతుంది. పారేయడమే.

నీళ్ళు ఒలికినా, పిల్లలు పక్క తడిపినా మొత్తం పరుపుని ఉతకవద్దు. తడిసిన చోట పొడిగుడ్డతో నొక్కి నొక్కి పీల్చి, తడి గుడ్డతో రెండు సార్లు అద్ది, ఆ భాగం పైకి ఉండేలా ఎండలో పెట్టాలి. మొత్తం తడిపితే దూది ఆరేటప్పుడు ముద్ద కడుతుంది, ఏకితే తప్ప విడదు. ఇంకోటి, పురుగులు రాకుండా పరుపు మడతల్లో కలరా ఉండలు వెయ్యకండి. ఆ వాసన దూది వదలదు, చంటిపిల్లలు ఉన్న ఇంట్లో అవి ప్రమాదం కూడా. సునోకో దుంగల చివర్లు మాత్రం నెలకోసారి చూసుకోండి, చెదలు ముందు అక్కడే మట్టి గీత గీస్తాయి.

దబ్బనం:

ఏకించుడు మూడు నాలుగేళ్ళకోసారి. గప్పుడు పాత దూదిల పదో వంతు దాక దుమ్ము కింద పోతది, 6 కిలోలకు అర కిలో పైన కొత్త దూది కలిపించుకోండ్రి. జపాన్‌ల గూడ ఇదే చేస్తరు, ఉచినావోషి అంటరు. ఏకేటప్పుడు దగ్గరుండి చూసుకోండ్రి. వేరేటోళ్ళ పాత దూది కలిసిపోతే నల్లులు గూడ ఇంటికొస్తయి. మన దూది అయిపోయిందాక మిషన్ల వేరేది వెయ్యొద్దని ముందే చెప్పాలె.

ఇంకోటి మర్చిన. గలేబుకు జిప్పు పొట్టి వైపు పెట్టియ్యకుండ్రి, పొడుగు వైపు పెట్టియ్యుండ్రి. పొట్టి వైపు పెడితే 2 మీటర్ల పరుపును సంచిల బియ్యం నింపినట్టు కుక్కాలె. కుక్కేటప్పుడు టాకాలు తెగుతయి. గుడ్డ ఇచ్చేటప్పుడే చెప్పుండ్రి, కుట్టినంక మార్చమంటే మార్చరు.